పిల్లల కంట్లో జారిన లెన్స్, పెరిగిన ప్రెషర్: ఏ ముడి ముందు విప్పాలి?

పసిబిడ్డను చూడగానే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట "ఎంత పెద్ద కళ్ళో!" అని. వెంటనే పక్కనుంచి ఎవరో "దిష్టి చుక్క పెట్టండి" అంటారు. కాస్త ఎదిగాక పొడుగు చేతులు, పొడుగు వేళ్ళు ఉన్న పిల్లాణ్ణి చూసి తాతగారు "వీడు ఆజానుబాహువు అవుతాడు" అని మురిసిపోతారు. చాలా ఇళ్ళల్లో ఆ మురిపెం మురిపెంగానే ఉండిపోతుంది. పిల్లల కంటి డాక్టర్లు మాత్రం ఈ రెండు మాటలు వింటే ఒకసారి ఆగి బిడ్డ వైపు చూస్తారు. మరీ పెద్ద కళ్ళు పుట్టుకతో వచ్చే గ్లకోమాకు గుర్తు కావచ్చు. మరీ పొడుగు చేతులు కంట్లో లెన్స్ జారడానికి కారణమయ్యే జన్యులోపానికి గుర్తు కావచ్చు.

మా చిన్నాన్న కొడుక్కి ఒక అబ్బాయి. నాలుగేళ్ళకే అద్దాలు వచ్చాయి. తర్వాత రెండేళ్ళలో నాలుగుసార్లు పవర్ మార్చారు. ప్రతిసారీ మైనస్ పెరిగేది, సిలిండర్ ఇంకా పెరిగేది, అయినా వాడు టీవీకి అతుక్కునే కూర్చునేవాడు. ఐదోసారి చూసిన డాక్టరుగారు చుక్కలు వేసి, అరగంట ఆగి, కంటిపాప బాగా విప్పారాక చూస్తే లెన్స్ అంచు పాప మధ్యలో నెలవంకలా కనబడింది. రెండు కళ్ళల్లోనూ అంతే. ఆ రోజు నుంచి ఆరు నెలలపాటు మా ఇంట్లో జరిగిన చర్చంతా ఒకటే: ఆపరేషన్ చేయించాలా, ఆగాలా? చేయిస్తే లోపల కొత్త లెన్స్ పెట్టాలా, వద్దా? ప్రెషర్ సంగతేంటి? ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెబుతున్నారని తమ్ముడు తల పట్టుకున్నాడు. చాలా తర్వాత అర్థమైంది, వాళ్ళు చెబుతున్నవి పరస్పర విరుద్ధమైన మాటలు కావు. ఒకే ముడిని ఒక్కొక్కరు ఒక్కో కొస నుంచి చూపిస్తున్నారు. ఆ ముడి గురించే ఈ వ్యాసం.

దారాలు, తూము

లెన్స్ అంటే కంటిపాపకు సరిగ్గా వెనక ఉండే పారదర్శకమైన బిళ్ళ. అది దేనిమీదా ఆనుకుని కూర్చోదు. చుట్టూ ఉన్న కండరపు వలయం నుంచి వచ్చే సన్నటి దారాలు దాన్ని నడిమధ్యలో పట్టి నిలబెడతాయి. ఎడ్లబండి చక్రంలో నడిమి దిమ్మను ఆకులు పట్టుకున్నట్టు. ఈ దారాలను జోన్యూల్స్ అంటారు. అవి ముఖ్యంగా ఫిబ్రిలిన్-1 అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. ఒక పక్క దారాలు సాగినా తెగినా లెన్స్ రెండో పక్కకు లాక్కుపోతుంది. కొంచెం జరిగి అక్కడే వేలాడితే సబ్‌లక్సేషన్ అంటారు. దారాలన్నీ తెగి లెన్స్ కంటి వెనక భాగంలోకో, పాప దాటి ముందుకో పడిపోతే డిస్‌లొకేషన్. పుట్టుకతో లేదా జన్యులోపంతో వచ్చే ఈ స్థితికి ఎక్టోపియా లెంటిస్ అని పేరు.

రెండో ఏర్పాటు నీటిది. కన్నీళ్ళతో దీనికి సంబంధం లేదు. కంటి లోపల, ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు వలయం) వెనక ఒక స్వచ్ఛమైన ద్రవం రాత్రింబవళ్ళు ఊరుతూ ఉంటుంది. అది పాప గుండా ముందు గదిలోకి వచ్చి, ఐరిస్‌కూ కార్నియాకూ (నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర) మధ్య ఉండే మూలలోని జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. చెరువులోకి వాగు నీరు వస్తూనే ఉన్నా తూము తెరిచి ఉన్నంతకాలం కట్టకు భయం లేదు. తూము పూడితే మట్టం పెరుగుతుంది. కంట్లో ఆ మట్టమే ప్రెషర్. పెరిగిన ప్రెషర్ వెనక ఉన్న కంటి నరాన్ని నొక్కి, కొద్దికొద్దిగా చంపేస్తుంది. అదే గ్లకోమా, మన పెద్దలు నీటి కాసులు అనేది. పోయిన నరం తిరిగి రాదు. శుక్లానికీ దీనికీ అసలు తేడా అదే.

ఈ రెండు ఏర్పాట్లూ ఒకదానికొకటి కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అందుకే ఒకటి చెడితే రెండోదాన్ని లాగుతుంది. లెన్స్ ముందుకు జారి పాపను మూసేస్తే నీటికి దారి ఉండదు, ప్రెషర్ పెరుగుతుంది. అటునుంచి చూస్తే, పుట్టుకతో ప్రెషర్ ఎక్కువగా ఉన్న పసికన్ను బెలూన్‌లా సాగుతుంది. గోడ సాగితే గోడకు కట్టిన దారాలూ సాగి తెగుతాయి, లెన్స్ జారుతుంది. బంతి తగిలినప్పుడైతే దారాలూ తూమూ ఒకేసారి దెబ్బతింటాయి. ఇవి చాలవన్నట్టు, లెన్స్ తీసేసిన పసికంట్లో ఏళ్ళు గడిచాక ప్రెషర్ పెరగడం కూడా ఉంది. కాబట్టి "లెన్స్ జారింది, ప్రెషర్ కూడా ఉంది" అని చెప్పగానే డాక్టరు మొదట తేల్చుకోవాల్సింది ఏది ముందు వచ్చిందన్నది. ఆపరేషన్ ఏదో దాన్నిబట్టే తేలుతుంది.

లెన్స్ ఎందుకు జారింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరక్కముందే బల్ల మీద పడుకోబెట్టడం ప్రమాదం. అత్యవసరమైతే తప్ప ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు. ఎందుకంటే కంట్లో లెన్స్ జారిందన్నది ఒళ్ళంతా ఉన్న ఒక లోపానికి పైకి కనబడే మొదటి ఆనవాలు కావచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది మార్ఫన్ సిండ్రోమ్. 1896లో పారిస్‌లో ఆంట్వాన్ మార్ఫన్ అనే డాక్టరు సన్నటి పొడవైన వేళ్ళున్న ఐదేళ్ళ పాపను వర్ణించాడు. జబ్బుకు ఆయన పేరే వచ్చింది. ఫిబ్రిలిన్-1ను తయారు చేసే జన్యువులో లోపం వల్ల ఇది వస్తుందని 1991లో తేలింది. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్ళలో సగానికి పైగా లెన్స్ జారుతుంది, ఎక్కువగా పైకి, చెవి వైపుకి. అదే ప్రోటీన్ గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని గోడల్లోనూ ఉంటుంది. అక్కడ గోడ బలహీనపడి ఉబ్బితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కంటి ఆపరేషన్‌కు ముందు గుండెకు ఎకో పరీక్ష తప్పనిసరి. లోపం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తుంది. దాదాపు నాలుగో వంతు మందిలో మాత్రం ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా పుడుతుంది. మా వాడి కన్ను చూసిన డాక్టరు, ఆరడుగుల రెండంగుళాలున్న మా తమ్ముణ్ణి కూడా ఎకో చేయించుకోమన్నారు. వాడికీ బృహద్ధమని కొంచెం ఉబ్బి ఉంది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, ఏడాదికోసారి చూపించుకుంటున్నాడు. కొడుకు కళ్ళద్దాల కోసం వెళ్ళి తండ్రి గుండె సంగతి తెలుసుకున్న ఆ రోజు మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు.

రెండోది హోమోసిస్టిన్యూరియా. 1962లో ఉత్తర ఐర్లండ్‌లో గుర్తించారు. మాంసకృత్తుల్లో ఉండే మెథియోనిన్‌ను శరీరం సరిగా విడగొట్టలేక హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుపోతుంది. ఇందులో లెన్స్ సాధారణంగా కిందికి, ముక్కు వైపుకి జారుతుంది. చూడటానికి ఈ పిల్లలు మార్ఫన్ పిల్లల్లాగే పొడుగ్గా ఉండవచ్చు, కానీ వీళ్ళ అసలు ప్రమాదం రక్తం గడ్డకట్టడం. మత్తు ఇచ్చినప్పుడు, నీళ్ళు తాగనివ్వకుండా గంటలు గడిచినప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మత్తులో మామూలుగా వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువును వీళ్ళకు వాడకూడదు, అది హోమోసిస్టీన్‌ను ఇంకా పెంచుతుంది. ఒక్క రక్తపరీక్షతో బయటపడే జబ్బు ఇది. కొందరిలో బి6 విటమిన్‌తోనే బాగా అదుపులోకి వస్తుంది. లెన్స్ జారిన ప్రతి బిడ్డకూ, మార్ఫన్ అని కచ్చితంగా తేలితే తప్ప, ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష చేయించాలని నా గట్టి అభిప్రాయం. చేయమని అడగడానికి మొహమాటపడొద్దు.

హోమోసిస్టిన్యూరియా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపమున్న జన్యువులు కలిస్తే వచ్చే జబ్బు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇలాంటి కలయికకు అవకాశం ఎక్కువ. మేనమామనో బావనో చేసుకున్న తల్లిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ నిర్ణయం సాధారణంగా ఆమెది కాదు కూడా. డాక్టరు "మేనరికమా?" అని అడిగితే దాచకుండా చెప్పండి, అంతే.

మూడోది అరుదైనదే అయినా ప్రెషర్ కోణంలో అన్నిటికన్నా చిక్కుది: వైల్-మార్కెసాని సిండ్రోమ్. వీళ్ళు పొట్టిగా ఉంటారు, వేళ్ళు కురచగా ఉంటాయి. లెన్స్ బిళ్ళలా ఉండాల్సింది చిన్న గోళీలా గుండ్రంగా ఉంటుంది. దీన్ని మైక్రోస్ఫెరోఫేకియా అంటారు. గోళీ గుంటలోకి జారినట్టు అది పాపలోకి జారి కూర్చుంటుంది.

ఇక దెబ్బలు. చిర్రగోనె అనండి, బిళ్ళంగోడు అనండి, ఎగిరొచ్చే ఆ బిళ్ళ, చీపురుపుల్లతో చేసిన బాణం, దీపావళి టపాకాయ, క్రికెట్ బంతి. దెబ్బ తగిలిన కన్ను పైకి బాగానే కనబడినా కొన్ని నెలలకో ఏళ్ళకో ప్రెషర్ పెరగవచ్చు. కాబట్టి "నొప్పి తగ్గింది కదా" అని వదిలేయకూడదు.

ఎప్పుడు చేయాలి?

లెన్స్ జారిందని తెలియగానే ఆపరేషన్ అక్కర్లేదు. కొంచెమే జరిగి, పాప మధ్యలో ఇంకా లెన్సే ఉంటే అద్దాలతో చూపు వస్తుంది. పూర్తిగా పక్కకు తప్పుకుని పాపలో లెన్సే లేకపోయినా, ప్లస్ 10 పైచిలుకు మందపు అద్దాలతో నెట్టుకురావచ్చు. అసలు ఇబ్బంది ఈ రెంటికీ మధ్యలో ఉంది. లెన్స్ అంచు సరిగ్గా పాప మధ్యకు వస్తే సగం వెలుగు లెన్స్ గుండా, సగం పక్కనుంచి వెళ్తుంది. ఏ అద్దమూ రెంటినీ ఒకచోట కలపలేదు. మా వాడి స్థితి అదే. నాలుగు అద్దాలు ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది.

పెద్దవాళ్ళయితే అలాగే కొన్నాళ్ళు ఆగవచ్చు. పిల్లల విషయంలో ఆగలేకపోవడానికి కారణం కంట్లో లేదు, మెదడులో ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఆ కాలంలో కంటి నుంచి మసక బొమ్మే అందితే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. సోమరి కన్ను అనేది ఇదే. తర్వాత ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా కన్ను బాగవుతుంది గాని చూపు రాదు. అందుకే డాక్టర్లు ప్రతి మూడు నాలుగు నెలలకూ అద్దాలతో చూపు ఎంత వస్తోందో కొలుస్తారు. సరైన అద్దాలు పెట్టినా చూపు పెరగకుండా తగ్గుతుంటే అదే ఆపరేషన్‌కు సమయం. దీనికి మినహాయింపు అత్యవసరాలు: లెన్స్ పాప దాటి ముందు గదిలో పడి కార్నియాను రాసుకోవడం, నీటి దారి మూసుకుని ప్రెషర్ ఒక్కసారిగా పెరగడం. కన్ను ఎర్రబడి, విపరీతమైన తలనొప్పి, వాంతులు వస్తాయి. గ్యాస్ అనో, పైత్యం అనో ఇంట్లో మందులేస్తూ కూర్చుంటే కొన్ని గంటల్లోనే నరం దెబ్బతినవచ్చు.

ఎలా చేస్తారు?

రెండు అంచెలుగా ఆలోచించాలి. మొదటిది ఉన్న లెన్స్‌ను తీయడం. పిల్లల లెన్స్ మెత్తగా ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రం గుండా పీల్చేయవచ్చు. లెన్స్ కొంచెమే జరిగితే ముందు వైపు నుంచి వెళ్ళి, అది ఉండే పలచటి సంచిని కాపాడి, సంచి లోపల గుండ్రటి రింగు వేసి సాపు చేస్తారు. దారాలు బాగా బలహీనంగా ఉంటే ఆ రింగుకు ఉన్న కొక్కేన్ని కంటి తెల్లగుడ్డుకు కుట్టేస్తారు. సియానీ అనే అమెరికన్ డాక్టరు 1998లో తెచ్చిన మార్పు ఇది. లెన్స్ బాగా జారిపోయినా వెనక్కి పడేలా ఉన్నా, వెనక వైపు నుంచి వెళ్ళి లెన్స్‌తో పాటు దాని చుట్టూ ఉన్న జిగురు ద్రవాన్ని కూడా కత్తిరించి తీసేస్తారు. లెన్సెక్టమీ, విట్రెక్టమీ అని ఫైలులో రాసేది ఇదే. జిగురు ద్రవాన్ని లాగకుండా ఉండటం ఇక్కడ కీలకం, ఎందుకంటే అది లాగితే కంటి వెనక గోడకున్న చూపు పొర, రెటీనా, చినగవచ్చు. మార్ఫన్ పిల్లల రెటీనా అసలే బలహీనం.

రెండో అంచె అసలు గొడవ: కొత్త లెన్స్ ఇప్పుడే పెట్టాలా? పెట్టకుండా వదిలేసి మందపు అద్దాలో కాంటాక్ట్ లెన్సులో వాడటం అన్నిటికన్నా భద్రమైన దారి. చూడటానికి బాగుండదని పెద్దలు బాధపడతారు, బళ్ళో పిల్లలు ఏడిపిస్తారు. అయినా చిన్న పిల్లల్లో, ముఖ్యంగా రెండు కళ్ళకూ ఒకేలా ఉన్నప్పుడు, ఇదే సరైనదని నమ్మే డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఒక్క కన్నే అయితే అద్దాలు పనికిరావు, రెండు కళ్ళకూ బొమ్మ సైజులో తేడా వస్తుంది. అప్పుడు కాంటాక్ట్ లెన్స్ గాని లోపలి లెన్స్ గాని కావాలి.

సంచి మిగలని కంట్లో లోపల పెట్టాలంటే ఆధారం ఉండదు, కాబట్టి గోడకు తగిలించాలి. దారంతో తెల్లగుడ్డుకు కుట్టడం పాత పద్ధతి. అందులో వాడే సన్నటి 10-0 ప్రొలీన్ దారం కొన్నేళ్ళకు తెగిపోతుందని అనుభవం మీద తెలిసింది. అరవై ఏళ్ళ మనిషికి పదేళ్ళు పనిచేసే కుట్టు చాలేమో, ఆరేళ్ళ బిడ్డకు డెబ్బై ఏళ్ళు కావాలి. దాంతో లావు దారాలూ, గోర్‌టెక్స్ దారాలూ వచ్చాయి. 2007లో చెన్నైలో డాక్టర్ అమర్ అగర్వాల్ కుట్టు లేకుండా, లెన్స్‌ను నిలిపే సన్నటి కాళ్ళను తెల్లగుడ్డులోని పొరల మధ్య దూర్చి జిగురుతో అతికించే పద్ధతిని మొదలుపెట్టారు. జపాన్‌కు చెందిన యమానే సూదుల సాయంతో కాళ్ళను బయటికి లాగి, కొసలను వేడితో మొగ్గల్లా చేసి నిలిపే పద్ధతిని 2017లో ప్రచురించారు. ఐరిస్‌ను చిటికెడు పట్టుకుని నిలిచే క్లా లెన్సూ ఉంది. పెరుగుతున్న కంటిలో వీటిలో ఏది యాభై ఏళ్ళు నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేం. ఎందుకంటే అవి పెట్టించుకున్న పిల్లలకు ఇంకా యాభై ఏళ్ళు రాలేదు. ఏ డాక్టరైనా "ఇది జీవితాంతం గ్యారంటీ" అంటే ఇంకొకరి సలహా తీసుకోండి.

మా వాడికి ఏడో ఏట రెండు కళ్ళకూ, నెల తేడాతో, లెన్స్ తీసేశారు. కొత్తది పెట్టలేదు. దూరానికీ దగ్గరికీ వేర్వేరు పవర్‌తో బైఫోకల్ రాశారు. లెన్స్ లేని కన్ను దగ్గరి వస్తువు మీద ఫోకస్ మార్చుకోలేదు కాబట్టి పలక మీదికి ఒక పవర్, బోర్డు మీదికి ఒక పవర్ కావాలి. టీచరుకు ఈ సంగతి చెప్పడం చాలామంది మర్చిపోతారు.

లెన్స్ వల్ల పెరిగిన ప్రెషర్

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మామూలుగా దారి మూసుకుపోయిన గ్లకోమాలో పాపను చిన్నది చేసే పైలోకార్పిన్ చుక్కలు వేస్తారు. గోళీలాంటి లెన్స్ ఉన్న బిడ్డకు అదే వేస్తే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. ఆ మందు చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తుంది, దారాలు వదులవుతాయి, లెన్స్ ఇంకా ముందుకొచ్చి తలుపుకు అడ్డం కూర్చుంటుంది. వీళ్ళకు కావాల్సింది తారుమారు మందు: పాపను విప్పార్చే ఎట్రోపిన్ లాంటివి. దారాలు బిగిసి లెన్స్ వెనక్కి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టడం కూడా అందుకే. ఆ తర్వాత లేజర్‌తో ఐరిస్ అంచున చిన్న రంధ్రం చేస్తే నీటికి పక్కదారి దొరుకుతుంది. చివరికి చాలామందిలో లెన్స్ తీసేయాల్సే వస్తుంది.

తీసేస్తే ప్రెషర్ తగ్గుతుందా అన్నది ఎంత త్వరగా వచ్చారన్నదాని మీద ఉంటుంది. మూసుకున్న తలుపు తెరుచుకుంటే, తూము ఇంకా బాగుంటే, ప్రెషర్ దానంతటదే దిగుతుంది. నెలల తరబడి ఐరిస్ తూముకు ఆనుకుని అతుక్కుపోతే, లెన్స్ తీసినా తూము తెరుచుకోదు. అప్పుడు గ్లకోమా ఆపరేషన్ వేరే చేయాలి.

పుట్టుకతో వచ్చే గ్లకోమా

దీన్ని కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన నేలకు దీనితో బంధం ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో పది వేల జననాలకు ఒకరో, అంతకన్నా తక్కువో కనబడే ఈ జబ్బు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనం అంచనా ప్రకారం 3,300 జననాలకు ఒకరికి ఉంది. దీనికి కారణమైన వాటిలో ముఖ్యమైన సివైపీ1బి1 అనే జన్యువును 1997లో గుర్తించారు. ఇదీ తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాల్సిన లోపమే.

ఈ బిడ్డలకు తూము పుట్టుకతోనే సరిగా తయారు కాదు. వెలుతురు చూడలేరు, రెప్పలు గట్టిగా మూసుకుంటారు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. మూడేళ్ళ లోపు కంటి గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి ప్రెషర్‌కు కన్ను సాగుతుంది. పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డంగా సుమారు పది మిల్లీమీటర్లుంటుంది. ఏడాది లోపు బిడ్డకు అది 12 దాటితే తప్పకుండా పరీక్ష చేయాలి. తర్వాత నల్లగుడ్డు మీద పాలపొరలా కమ్ముతుంది. కన్నీటి గొట్టం మూసుకుపోయినా నీళ్ళు కారతాయి. తేడా తేలిక: గొట్టం మూసుకున్న బిడ్డకు పుసి కడుతుంది గాని వెలుతురు అంటే భయం ఉండదు. ఎండలోకి తీసుకెళ్తే తల్లి భుజంలో ముఖం దాచుకునే బిడ్డను వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. పెద్ద కళ్ళని మురిసిపోతూ ఆరు నెలలు గడిపేస్తే ఆ ఆరు నెలలు తిరిగిరావు.

పెద్దవాళ్ళ గ్లకోమాకు ముందు చుక్కలు, చివర ఆపరేషన్. పసిపిల్లలకు వరస తిరగబడుతుంది, ఆపరేషనే మొదటి వైద్యం. చుక్కలు ఆపరేషన్ దాకా కాపలా కాయడానికి మాత్రమే. పెద్దలకు మామూలుగా రాసే బ్రిమోనిడిన్ రెండేళ్ళ లోపు పిల్లలకు వేయకూడదు, మగత కమ్మి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో తాతగారి చుక్కల మందు ఉంది కదా అని వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒట్టో బార్కన్ అనే డాక్టరు 1930ల చివర, 1940ల మొదట్లో గోనియోటమీ పద్ధతిని పిల్లల కళ్ళకు స్థిరపరిచాడు. కార్నియా గుండా చూస్తూ సన్నటి కత్తితో తూము నోటికి అడ్డమున్న కణజాలాన్ని గీస్తారు. అంతవరకూ ఈ జబ్బుతో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది గుడ్డివాళ్ళయిపోయేవారు. కానీ ఆ పద్ధతికి కార్నియా తేటగా ఉండాలి. మన దగ్గర బిడ్డను తెచ్చేసరికి చాలామందికి కార్నియా మసకబారి ఉంటుంది, లోపల ఏమీ కనబడదు. 1960లో వచ్చిన ట్రాబెక్యులాటమీలో బయటి నుంచే తూము వెనకుండే నీటి కాలువను వెతికి తెరుస్తారు కాబట్టి మసక కార్నియా అడ్డం కాదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ దీనికి ట్రాబెక్యులెక్టమీని, అంటే తెల్లగుడ్డు పొర కింద కొత్త తూము పెట్టడాన్ని, కలిపి ఒకే సిట్టింగులో చేయడాన్ని మన పిల్లలకు తగిన పద్ధతిగా నిలబెట్టారు. పుట్టిన కొద్దిరోజుల పసికందులకు కూడా ఆయన ఈ ఆపరేషన్ చేశారు. 2003లో ఆయనకు శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఆలస్యంగా వచ్చే మన బిడ్డ కోసం ఆపరేషన్‌నే మార్చుకున్న ఆ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

అవీ పనిచేయకపోతే సన్నటి సిలికాన్ గొట్టం పెట్టి నీటిని కంటి వెనక వైపుకి మళ్ళిస్తారు. ఇలాంటి గొట్టాల్లో ఒకటైన, దిగుమతి చేసుకున్న అహ్మద్ వాల్వు ఖరీదు చాలా కుటుంబాలకు అందదు. మదురైలోని ఆరోల్యాబ్ తయారు చేసే గొట్టం అంతకన్నా బాగా తక్కువ ధరకు దొరుకుతుంది. ఇంకా చివరి మెట్టు, నీరు ఊరే చోటునే లేజర్‌తో కొంత మాడ్చడం.

రెండూ ఉన్న బిడ్డ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. లెన్స్ దారి మూసి ప్రెషర్ పెంచితే లెన్స్ ముందు. పుట్టుకతో తూము చెడి, కన్ను సాగి, దాని ఫలితంగా లెన్స్ కదిలితే తూము ముందు. లెన్స్ కొంచెమే కదిలితే దాన్ని ముట్టుకోకుండా అద్దాలతో లాగుతారు, ఎందుకంటే సాగిన కంట్లో లెన్స్ తీస్తే జిగురు ద్రవం ముందుకొచ్చి కొత్త తూమును మూసేయవచ్చు. రెండూ ఒకేసారి చేయక తప్పని కంట్లో జిగురు ద్రవాన్ని ముందే పూర్తిగా తీసేసి, ఆ తర్వాతే గొట్టం పెడతారు. ఇలాంటి కేసుకు పిల్లల డాక్టరు, గ్లకోమా డాక్టరు, రెటీనా డాక్టరు ముగ్గురూ ఒకచోట కూర్చోవాలి. ఒక్కరే అన్నీ చేస్తామంటే, అక్కడ ఇలాంటి పిల్లలకు ఎన్ని ఆపరేషన్లు చేశారో అడగండి. అడగడం మీ హక్కు.

తర్వాతి ఏళ్ళు

ఆపరేషన్ గంటన్నరో రెండు గంటలో. దాని ఫలితం తేలేది తర్వాతి పదేళ్ళలో. అమెరికాలో ఒక కంట్లో శుక్లంతో పుట్టిన 114 మంది పసిపిల్లలకు ఏడు నెలల లోపే లెన్స్ తీసి, పదేళ్ళు వెంటపడి చూశారు. పదేళ్ళు వచ్చేసరికి వాళ్ళలో 22 శాతం కళ్ళకు గ్లకోమా వచ్చింది. అది శుక్లం అధ్యయనం, లెన్స్ జారిన పిల్లలది కాదు. జారిన లెన్స్‌ను సాధారణంగా ఇంకా పెద్ద వయసులో తీస్తారు కాబట్టి ఆ అంకెను నేరుగా ఇక్కడికి తేలేం. కానీ లెన్స్ తీసిన పిల్లల కంట్లో ప్రెషర్‌ను జీవితాంతం చూస్తూనే ఉండాలన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది. నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా పెరుగుతుంది కాబట్టి "బాగానే ఉన్నాడు కదా" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

చిన్న పిల్లలకు ప్రెషర్ చూడాలంటే మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ప్రతి మూడు నెలలకూ మత్తా అని తల్లిదండ్రులకు టెన్షన్. ఏడుస్తూ రెప్పలు బిగించిన బిడ్డకు కొలిస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది, మత్తులో తప్పుగా తక్కువ రావచ్చు. డాక్టరు ఆ ఒక్క అంకె మీద ఆధారపడరు, నల్లగుడ్డు వెడల్పు, కంటి పొడవు, నరం ఆకారం కలిపి చూస్తారు. పాత ఫైలు అందుకే బంగారం. చుక్కల మందు లేకుండా, కార్నియాకు తాకించి కొలిచే రీబౌండ్ టోనోమీటర్ వచ్చాక కొంచెం ఓపికున్న పిల్లలకు మత్తు అవసరం తగ్గింది.

అన్నిటికన్నా కష్టం ప్యాచింగ్. ఒక కన్ను బలహీనంగా ఉంటే బాగున్న కంటిని రోజుకు కొన్ని గంటలు మూసి, బలహీనమైన దానితో పని చేయించాలి. బిడ్డ ఏడుస్తుంది, పీకేస్తుంది. అమ్మమ్మ జాలిపడి తీసేస్తుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది, వాడి ఎడమ కన్ను వెనకబడినప్పుడు. చివరికి తమ్ముడి భార్య ఒక నియమం పెట్టింది: వాడికిష్టమైన కార్టూన్ ప్యాచ్ ఉన్నప్పుడే. రెండు వారాల్లో ఏడుపు తగ్గింది. ఆపరేషన్ చేసిన డాక్టరుకన్నా ఆ ఏడాదిలో ఆమె చేసిన పనే ఎక్కువని నేను అంటే, డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారు.

ఖర్చు గురించి ఒక మాట. ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర ఉంటే, బిడ్డను చేర్చకముందే వెళ్ళి, ఏ ఆపరేషన్ పేరు ఫైలులో రాశారో చూపించి పథకం వర్తిస్తుందో లేదో కనుక్కోండి. లెన్స్ తీయడం, గొట్టం పెట్టడం, మత్తులో పరీక్ష చేయడం వేర్వేరు పద్దుల కింద ఉంటాయి. హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గరున్న సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలోనూ చూపించుకోవచ్చు.

ఇక ఆ బిడ్డ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఒకరికి తేలగానే మిగతా అందరికీ పాప విప్పార్చి కళ్ళు చూపించాలి, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే. మా వాడి చెల్లెలికి మూడేళ్ళు. అరగంట చుక్కలు, రెండు నిమిషాల పరీక్ష. లెన్స్ ఉండాల్సిన చోటే ఉంది. వచ్చే ఏడాది మళ్ళీ చూపించాలని డాక్టరు రాసిచ్చారు, తమ్ముడు ఫోన్‌లో తేదీ పెట్టుకున్నాడు.